ఆఫీసు పిలిచింది ఒక్కరినే, కదలాల్సింది ఇంటిల్లిపాదీ

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. ఇన్నేళ్లు ఇంటి నుంచి పని చేశాం, ఇప్పుడు ఆఫీసుకి రమ్మంటున్నారు, ఏం చేయాలి అని. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈ నెల మొత్తం దీనికే ఇస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు, కంపెనీల పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడం గారూ, మాది భీమవరం. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేదాన్ని. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశాను, తర్వాత ఇక్కడే పెళ్లయింది. ఇప్పుడున్న కంపెనీలో ఇంటి నుంచే చేరాను, నాలుగేళ్లు దాటింది. మా ఆయనది రొయ్యల మేత, మందుల షాపు. బాబుకి మూడో ఏడు. వాణ్ని అత్తగారూ నేనూ కలిసి చూసుకుంటూ వస్తున్నాం. పోయిన నెల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, వారానికి నాలుగు రోజులు హైదరాబాద్ ఆఫీసుకి రావాలట, రెండు నెలలు టైమిచ్చారు. ఆయన షాపు వదిలి రాలేరు. అత్తగారు "మానేయమ్మా, మనకేం తక్కువ" అంటున్నారు, ప్రేమగానే అంటున్నారు. మా ఆయన మాత్రం "నీ ఇష్టం" అంటారు తప్ప ఇంకో మాట లేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఒక పని చేయండి. ఈ రెండు నెలలూ రాజీనామా మాట ఎత్తకండి, ఎవరు అడిగినా "ఇంకా చూస్తున్నాను" అనండి. టెన్షన్‌లో తీసుకున్న నిర్ణయం అని మాత్రమే కాదు, డబ్బు లెక్క కూడా ఉంది. మీకు నాలుగేళ్లు దాటాయి అన్నారు. మామూలుగా గ్రాట్యుటీ రావాలంటే ఒకే కంపెనీలో ఐదేళ్ల సర్వీసు నిండాలి, అప్పుడు ఏడాదికి పదిహేను రోజుల బేసిక్ జీతం చొప్పున వస్తుంది. కొన్ని నెలల దూరంలో ఉన్నదాన్ని వదులుకోవద్దు. ఒకవేళ తర్వాత ఎప్పుడైనా మానేసినా పీఎఫ్ డబ్బు తీసేయకండి, కొత్త ఉద్యోగానికి బదిలీ చేయించుకోండి.

రెండోది, మీ ఆఫర్ లెటర్ తీసి చదవండి. బేస్ లొకేషన్ హైదరాబాద్ అని ఉండి, కింద ఎక్కడో "కంపెనీ అవసరాన్ని బట్టి ఏ ఆఫీసుకైనా" అనే వాక్యం కూడా ఉంటుంది, మన ఐటీ కంపెనీల లెటర్లలో అది మామూలే. మన దేశంలో ఇంటి నుంచి పని చేయడం ఉద్యోగి హక్కు అని చెప్పే చట్టం లేదు. ప్రసూతి సెలవు అయ్యాక పని స్వభావాన్ని బట్టి, కంపెనీ ఒప్పుకుంటే, ఇంటి నుంచి చేసుకోవచ్చని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణలో పెట్టారు గానీ మీ బాబు ఆ వయసు దాటాడు. పోట్లాడటానికి పెద్దగా చోటు లేదు, అడగడానికి మాత్రం చాలా ఉంది. చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు, రూల్ అంటే రూలే అనుకుని అడక్కుండానే మానేస్తున్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు.

ఎలా అడగాలి? "నా పరిస్థితి అర్థం చేసుకోండి" అని రాస్తే మేనేజర్ సానుభూతి చూపించి ఊరుకుంటాడు, ఎందుకంటే దాంతో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. తన పైవాళ్లకి పంపడానికి వీలుగా ఒక ప్రతిపాదన కావాలి. ఉదాహరణకి, బాబు స్కూల్లో చేరేది జూన్‌లో కాబట్టి అప్పటివరకు వారానికి నాలుగు రోజులు కాకుండా నెలకి ఒక వారం వరుసగా ఆఫీసుకి వస్తాననండి, ఆ వారం ముందే చెప్తాననండి, జూన్‌లో మళ్లీ మాట్లాడుకుందామనండి. ఫోన్‌లో మాట్లాడినా సరే, సాయంత్రానికి అదే విషయం మెయిల్‌లో పెట్టండి. మీకు ప్రయాణం మరీ అసాధ్యం కూడా కాదు, నరసాపురం-లింగంపల్లి ఎక్స్‌ప్రెస్ మీ ఊరి మీదుగానే వెళ్తుంది, లింగంపల్లిలో దిగితే ఐటీ ఆఫీసులు దగ్గరే. నెలకి ఒక్కసారి రాత్రి ప్రయాణం తట్టుకోవచ్చు. ప్రతివారం అయితే మనిషి నలిగిపోతుంది, అది ఒప్పుకోవద్దనే నా సలహా.

కుదరదంటే, బాబుని తీసుకుని వెళ్లే దారి కూడా ఒకసారి చూడండి. యాభై మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే సంస్థలో పిల్లల్ని చూసుకునే క్రెష్ సదుపాయం ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసి రావచ్చు. చట్టంలో ఉన్న సంగతే ఇది. మీ కంపెనీలో ఉందా, బిల్డింగ్‌లోనే ఉందా, బయట ఎవరితోనైనా ఒప్పందం ఉందా, ఎన్నేళ్ల వరకు తీసుకుంటారు అని హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. అత్తగారు ఓ నాలుగు నెలలు మీతో వచ్చి ఉండగలరా? ఆవిడ ప్రేమగానే మానేయమంటున్నారని మీరే రాశారు కాబట్టి, ప్రేమగానే అడిగి చూడండి.

ఇక మీ ఆయన సంగతి. "నీ ఇష్టం" అనడం మంచితనంలా వినిపిస్తుంది గానీ బరువు మొత్తం మీ నెత్తిన పెట్టి ఆయన పక్కకి జరిగారు. కోపంగా కాదు, షాపు మూసి వచ్చి అన్నం తిన్నాక కూర్చోబెట్టి ఒక కాగితం మీద రాయండి. మీరు ఊళ్లో లేని వారం బాబుకి పొద్దున స్నానం ఎవరు చేయిస్తారు, అర్ధరాత్రి లేచి ఏడిస్తే ఎవరు ఎత్తుకుంటారు, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు, షాపుకి లోడు వచ్చే రోజు ఇదంతా ఎవరు చూస్తారు. ఒక్కోదాని పక్కన పేరు రాయమనండి, ఆయన చేత్తోనే. హాస్టల్ ఖర్చు, రైలు ఖర్చు, మీ జీతం పోతే ఇంటికి ఏం తగ్గుతుంది అన్నవి కూడా అదే కాగితం మీద వేయండి. అప్పుడాయన "మానేయ్" అన్నా "వెళ్లు" అన్నా అది ఇద్దరి నిర్ణయం అవుతుంది. ఈలోపు ఇంటి నుంచి చేసే ఉద్యోగాలు ఇచ్చే వేరే కంపెనీలు కూడా చూస్తూ ఉండండి, నోటీసు పీరియడ్ చాలాచోట్ల 90 రోజులు ఉంటుంది, ఆ లెక్క మర్చిపోవద్దు.

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం దగ్గర పల్లె. 2021లో క్యాంపస్‌లో సెలెక్ట్ అయ్యాను. ఇంటర్వ్యూ, ట్రైనింగ్, ప్రాజెక్టు అన్నీ మా మేడ మీది గదిలో కూర్చునే అయిపోయాయి, మంచి రేటింగే వచ్చేది. ఇప్పుడు మాదాపూర్ ఆఫీసుకి వస్తున్నాను. ఇక్కడ నోరు పెగలడం లేదు. నా చుట్టూ అందరూ గడగడా ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు, జోకులు వేసుకుంటారు. లంచ్ టైమ్‌లో ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక ఒక్కోసారి తినకుండా సీట్లోనే ఉండిపోతున్నాను. ఆశ్చర్యం ఏంటంటే నా టీమ్‌లో సగం మంది పుణెలో, చెన్నైలో ఉంటారు, ఇక్కడికొచ్చి కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాల్స్‌లోనే ఉంటున్నాను. దీనికోసమా రమ్మన్నది అనిపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, నీ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పొద్దున్నే యాప్‌లో సీటు బుక్ చేసుకోవడం, వెళ్లేసరికి టీమ్ కూర్చునే ఫ్లోర్‌లో ఖాళీ లేక ఇంకో ఫ్లోర్‌లో ఎవరో తెలియని మనుషుల మధ్య కూర్చోవడం, అక్కడ్నుంచి వేరే ఊళ్లో ఉన్నవాళ్లతో రోజంతా కాల్స్ మాట్లాడి సాయంత్రం ట్రాఫిక్‌లో హాస్టల్‌కి చేరడం, దీనివల్ల ఎవరికి లాభమో కంపెనీలే చెప్పాలి. ఆ అసంతృప్తి నీ ఒక్కడిదే అనుకోకు.

నీ భయం సంగతి మాత్రం వేరు, దాన్ని దీనితో కలపొద్దు. నీ వయసు పిల్లలకి ఒక పెద్ద నష్టం జరిగింది, దాని గురించి ఎవరూ సరిగా మాట్లాడలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు పక్క సీటు సీనియర్ ఎలా మాట్లాడుతున్నాడు, క్లయింట్ కోప్పడితే ఏం సమాధానం చెప్తున్నాడు, మేనేజర్‌తో ఎలా విభేదిస్తున్నాడు అన్నవన్నీ చూసి, విని నేర్చుకుంటాడు, ఎవరూ పాఠం చెప్పరు. నీకు ఆ రెండు మూడేళ్లు దొరకలేదు. నీలో లోపం ఏమీ లేదు, నేర్చుకునే అవకాశం ఆలస్యంగా వచ్చింది, అంతే.

లంచ్ మానేయడం ఈ రోజే ఆపెయ్. మొత్తం గుంపుతో కలవాలని చూడకు, ఒక్క మనిషిని ఎంచుకో. ఛాట్‌లో నీతో ఎక్కువ మాట్లాడినవాళ్లు, నీ కోడ్ రివ్యూ చేసినవాళ్లు ఎవరో ఒకరు అదే ఆఫీసులో ఉంటారు కదా, పొద్దునే మెసేజ్ పెట్టు, "ఒంటిగంటకి లంచ్‌కి కలుద్దామా" అని. ఎవరూ కాదనరు. వెళ్తే తెలుగులోనే మాట్లాడు, హైదరాబాద్‌లో ఏ క్యాంటీన్‌లో చూసినా సగం మాటలు తెలుగులోనే ఉంటాయి, గడగడా ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో కూడా నల్లగొండ, ఒంగోలు పిల్లలే చాలామంది. మీటింగ్‌లో మొదటి ఐదు నిమిషాల్లోనే ఒక్క మాటైనా మాట్లాడు, ప్రశ్నైనా సరే, ఆలస్యమయ్యేకొద్దీ గొంతు పట్టేస్తుంది. ఏం చెప్పాలో రెండు లైన్లు ముందే రాసుకో, చూసి చదివినా తప్పులేదు.

కాల్స్ గురించి కూడా అడగొచ్చు. నీ టీమ్‌లో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఎంతమంది, అందరం ఒకే రోజు వస్తే ఒకే చోట కూర్చోవచ్చా అని మీ లీడ్‌ని అడుగు. కొత్తవాడు అడిగాడని ఎవరూ తప్పుపట్టరు, చాలామంది లీడ్‌లకి ఆ ఆలోచన తట్టి ఉండదు కూడా.

రెండు నెలలు దాటినా తిండి సహించకపోవడం, ఆఫీసు అనగానే గుండె దడదడలాడటం ఉంటే కౌన్సెలర్‌తో మాట్లాడు. పెద్ద కంపెనీల్లో ఉద్యోగులకి ఉచితంగా ఉంటుంది, నువ్వేం మాట్లాడావో మేనేజర్‌కి చెప్తారా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకో.

ప్రశ్న: అయ్యా/అమ్మా, "పర్మనెంట్‌గా ఎక్కడినుంచైనా చేసుకోవచ్చు" అని మా కంపెనీ మీటింగ్‌లో అందరి ముందూ చెప్పింది. ఆ మాట నమ్మి హనుమకొండలో ఇల్లు కట్టుకున్నాను, లోను నడుస్తోంది. ఇప్పుడు ఐదు రోజులూ రమ్మంటున్నారు. ఇది మోసం కాదా? రోజూ అప్ అండ్ డౌన్ చేద్దామా అని చూస్తున్నాను.

జవాబు: మీ కోపం న్యాయమైనదే. మాట ఇచ్చినప్పుడు పెద్ద గొంతుతో చెప్పి, వెనక్కి తీసుకునేటప్పుడు మెయిల్‌లో చివరి పేరాలో పెట్టడం నాకు అసలు నచ్చదు. ఇది మీ ఒక్క కంపెనీలో జరిగింది కాదు. 2025 నాటికి ఉద్యోగుల్లో నాలుగో వంతు మంది ఆఫీసులో ఉంటే సరిపోతుందని 2020లో టీసీఎస్ ప్రకటించింది, 2023 అక్టోబరు వచ్చేసరికి ఐదు రోజులూ ఆఫీసుకి రమ్మంది. అదే ఏడాది నవంబరు నుంచి విప్రో వారానికి మూడు రోజులు తప్పనిసరి చేసింది. అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజులూ అంది, ఇన్ఫోసిస్ అదే ఏడాది మార్చి నుంచి నెలకి కనీసం పది రోజులంది. ఎవరి కారణాలు వాళ్లకి ఉండొచ్చు. కానీ ఆ మాట మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లు, పిల్లల్ని ఊళ్లో స్కూళ్లలో చేర్పించినవాళ్లు ఉన్నారన్న స్పృహ ఉండాలి, కనీసం ఒక విద్యా సంవత్సరం గడువైనా ఇవ్వాలి.

మీటింగ్‌లో నోటితో చెప్పింది మీ చేతికి లెటర్ రూపంలో వచ్చిందా? వస్తే దాన్ని చూపించి గడువు, ఇల్లు మారే ఖర్చు అడగండి. రాకపోతే దాని మీద పోరాటం పెట్టుకుని మనసు పాడు చేసుకోవద్దు.

రోజూ అప్ అండ్ డౌన్ మాత్రం వద్దండి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కి సీజన్ టికెట్ మీద ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు ఉన్నారు, నిజమే, కానీ వాళ్లలో ఎక్కువమంది పని స్టేషన్‌కి దగ్గర్లో ఉండేది. మీరు దిగాక మళ్లీ ఐటీ కారిడార్ దాకా వెళ్లాలి. రెండు వైపులా కలిపితే ఒక పూట ఉద్యోగం అంత టైమ్ ప్రయాణానికే పోతుంది. వారం మధ్యలో హాస్టల్‌లోనో తెలిసినవాళ్లతో కలిసి గదిలోనో ఉండి శుక్రవారం సాయంత్రం ఇంటికి రండి, ఆరు నెలలు చూడండి. కోపంతో ఇల్లు అమ్మకానికి పెట్టొద్దు. కుటుంబం మొత్తం మారాల్సి వస్తే అద్దెకివ్వండి, ఈఎంఐకి కొంత ఆసరా అవుతుంది.

ప్రశ్న: మేడం, నేను టీమ్ లీడ్‌ని. మావాళ్లు కొందరు పొద్దున వచ్చి కార్డు స్వైప్ చేసి, కాఫీ తాగి, పదకొండుకల్లా వెళ్లిపోతున్నారు. హెచ్‌ఆర్ ఆ లిస్టు నాకు పంపి చర్య తీసుకోమంటోంది. వాళ్ల పనిలో మాత్రం ఏ లోటూ లేదు. నేనేం చేయను?

జవాబు: పనిలో లోటు లేదని మీరే అంటున్నారు కాబట్టి ముందు ఆ మాట హెచ్‌ఆర్‌కి రాసి పెట్టండి, అది మీ బాధ్యత. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఎందుకు వెళ్తున్నారో అడగండి, లిస్టు చూపించి భయపెట్టకుండా. ఒకరికి స్కూల్ బస్సు టైమ్ ఉంటుంది, ఒకరింట్లో డయాలసిస్ పేషెంట్ ఉంటారు, ఇంకొకరు పన్నెండు దాటితే ట్రాఫిక్ అని వెళ్తారు. మూడింటికీ ఒకే చర్య ఎలా సరిపోతుంది? నిజమైన అవసరం ఉన్నవాళ్ల తరఫున మీరే పైకి రాయండి. ఊరికే వెళ్లిపోయేవాళ్లకి మొహమాటం లేకుండా చెప్పండి, ఎందుకంటే వాళ్ల వల్ల రేపు అందరికీ గంటల లెక్క వస్తుంది.

టీమంతా కలవాల్సిన పని, డిజైన్ చర్చలు, కొత్తవాళ్లకి నేర్పడం లాంటివి ఒకటి రెండు రోజులకి పెట్టి ఆ రోజులు అందరూ ఉండేలా చూడండి. పైన ఖమ్మం తమ్ముడి ఉత్తరం ఒకసారి చదవండి, అలాంటివాడు మీ టీమ్‌లోనూ ఉండి ఉంటాడు, మీ సీనియర్లు పదకొండుకి వెళ్లిపోతే అతను ఎవరిని చూసి నేర్చుకుంటాడు?

ప్రశ్న: మాది ఎల్‌బీ నగర్‌లో సొంతిల్లు. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. వారానికి మూడు రోజులు వెళ్లాలి. అటువైపు అద్దెకి మారాలా? (గృహిణి, ఉద్యోగిని)

జవాబు: మూడు రోజుల కోసం సొంతిల్లు వదలొద్దు, ఒక నెల మెట్రో మీద చూడండి. ఎల్‌బీ నగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా కూర్చునో నిలబడో వెళ్లిపోవచ్చు, అక్కడితో లైన్ అయిపోతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే, స్టేషన్ నుంచి ఆఫీసు దాకా. మీ కంపెనీ షటిల్ ఉందేమో కనుక్కోండి, ఐటీ కారిడార్‌లో ఆడవాళ్ల కోసం షీ షటిల్ బస్సులు ఉచితంగా తిరుగుతాయి, వాటి రూటు మీకు కలుస్తుందేమో చూడండి. సిటీ ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకి 2023 డిసెంబరు నుంచి ప్రయాణం ఉచితం కదా. పొద్దున త్వరగా వెళ్లి నాలుగున్నరకల్లా బయటపడే వేళలు ఇవ్వమని అడగండి, సాయంత్రం ఆ ఒక్క గంట తేడా చాలా ఉంటుంది.

ప్రశ్న: అమ్మా నమస్తే. మాది కరీంనగర్. మా అబ్బాయి కరోనా నుంచి మా దగ్గరే ఉండి పని చేసుకున్నాడు. పోయిన నెల హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఆయనకి షుగర్, నాకు మోకాళ్లు. వాడుంటే మందులు, బ్యాంకు పనులు అన్నీ చూసుకునేవాడు. ఇల్లంతా బోసిపోయింది. వేరే ఉద్యోగం చూసుకోమని అడగాలని ఉంది, అడిగితే వాడి భవిష్యత్తుకి అడ్డం పడ్డట్టేనా?

జవాబు: అక్కా, అడగొచ్చు. "నువ్వు లేక మాకు కష్టంగా ఉంది" అని చెప్పడం అడ్డం పడటం కాదు, ఆ మాట అతనికి తెలియాలి. కరీంనగర్‌లోనూ ఐటీ టవర్ ఉంది, అక్కడ తన పనికి తగ్గ కంపెనీ ఏదైనా ఉందేమో కనుక్కోమనండి. దొరికే వరకు మాత్రం ఉన్న ఉద్యోగం వదలమని ఒత్తిడి చేయొద్దు, మీ ఇద్దరి ఆసుపత్రి ఖర్చుకి కూడా ఆ ఉద్యోగమే ఆధారం కావొచ్చు.

ఎందుకంటే చాలా కంపెనీలు తల్లిదండ్రుల్ని కూడా హెల్త్ ఇన్సూరెన్స్‌లో చేర్చుకోనిస్తాయి, కొన్నిచోట్ల ఆ ప్రీమియం ఉద్యోగి కట్టుకోవాలి. మీ పేర్లు ఉన్నాయో లేదో ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అడగండి. లేకపోతే ఎప్పుడు చేర్చవచ్చో కనుక్కోమనండి, సాధారణంగా ఏడాదికి ఒకసారే ఆ అవకాశం ఇస్తారు. ఉంటే ఆ కార్డులు ప్రింటు తీయించి పంపమనండి, కరీంనగర్‌లో ఏయే ఆసుపత్రుల్లో క్యాష్‌లెస్ ఉందో పేర్లు రాయించుకోండి. నెలకి సరిపడా మందులు ఒకేసారి ఇంటికి తెచ్చిచ్చే మెడికల్ షాపు మీ వీధిలోనే ఉండొచ్చు, అతని నంబరూ, రాత్రిపూట పిలిస్తే వచ్చే పక్కింటివాళ్ల నంబరూ మీ అబ్బాయి ఫోన్‌లో కూడా ఉండేలా చూడండి.